రెండో బ్రౌజర్ పెట్టుకోండి: ఎందుకో, ఎలాగో

మొన్న వేసవిలో మా అక్క కూతురు ఒక ప్రవేశ పరీక్షకి ఫీజు కట్టాలి. ఆఖరి రోజు, రాత్రి పదిన్నర. వివరాలన్నీ నింపాం, ఫొటో ఎక్కించాం, సంతకం ఎక్కించాం, తీరా డబ్బు కట్టే బటన్ నొక్కితే తెల్ల పేజీ. మళ్ళీ నొక్కితే మళ్ళీ తెల్ల పేజీ. అక్కకి టెన్షన్, పిల్లకి కళ్ళలో నీళ్ళు. నా లాప్‌టాప్‌లో ఇంకో బ్రౌజర్, అంటే సైట్లు తెరిచే ఇంకో ప్రోగ్రామ్, కూడా ఉంది కాబట్టి అందులో సైటు తెరిచి అప్లికేషన్ నంబరు కొట్టాను. నింపినవన్నీ అలాగే ఉన్నాయి, పేమెంట్ పేజీ వచ్చింది, ఐదు నిమిషాల్లో రసీదు చేతిలో ఉంది. మర్నాడు తీరిగ్గా చూస్తే తెలిసింది, మొదటి బ్రౌజర్‌లో ఎప్పుడో వేసుకున్న ఒక ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న అదనపు ప్రోగ్రామ్) ఆ పేమెంట్ కిటికీని తెరుచుకోనివ్వలేదు. కారణం చిన్నదే, కానీ ఆ రాత్రి రెండో బ్రౌజర్ లేకపోతే పిల్ల ఏడాది పోయేది.

అప్పట్నుంచి ఇంట్లో ఎవరి ఫోన్ చేతికొచ్చినా రెండో బ్రౌజర్ ఒకటి పెట్టి ఇస్తున్నాను. "ఉచితంగా వచ్చేదే కదా, ఏది వాడితే ఏంటి, వాళ్ళలో వాళ్ళు కొట్టుకుంటే మనకేంటి" అని అడిగేవాళ్ళు చాలామంది. మా బాబాయి కూడా అదే అడిగాడు. ఆయనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ముందు ఎందుకో కొంచెం, తర్వాత ఎలా చేసుకోవాలో వివరంగా.

2001లో మైక్రోసాఫ్ట్ వాళ్ళ బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది. దానికి పోటీగా ఉన్న నెట్‌స్కేప్ బ్రౌజర్ అప్పటికే చతికిలపడింది. విండోస్‌తో పాటే ఎక్స్‌ప్లోరర్ ఉచితంగా వచ్చేస్తుంటే ఇంకొకటి తెచ్చుకునే ఓపిక ఎవరికుంటుంది? ప్రపంచంలో నూటికి తొంభై మందికి పైగా అదే వాడే స్థితి వచ్చింది. పోటీ లేకపోయేసరికి మైక్రోసాఫ్ట్ ఆ బ్రౌజర్‌ని దాదాపు గాలికి వదిలేసింది, తర్వాతి వెర్షన్ వచ్చింది 2006 అక్టోబరులో, అంటే ఐదేళ్ళకి. ఆ ఐదేళ్ళు నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి కూర్చున్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఒక్క పేజీ తెరిస్తే దాని వెనకాల నాలుగు ప్రకటనల కిటికీలు, ఒక్కోటీ మూసుకుంటూ పోవడంతోనే పది నిమిషాలు గడిచిపోయేవి.

మన తెలుగువాళ్ళకి ఇంకో కష్టం ఉండేది. అప్పట్లో తెలుగు పత్రికల సైట్లు చాలావరకు యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు ఒకేలా గుర్తించే పద్ధతిలో, ఉండేవి కావు, ఎవరి ఫాంటు వాళ్ళది, ఆ ఫాంటు తనంతట తాను దిగిపోయే ఏర్పాటు ఎక్స్‌ప్లోరర్‌కి తగ్గట్టు చేసి ఉండేది. అందులో వార్త చక్కగా కనిపించేది. అదే పేజీని మొజిల్లా వాళ్ళ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట అర్థంపర్థం లేని గుర్తులు. అప్పుడు 'పద్మ' అని ఫైర్‌ఫాక్స్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ వచ్చింది, ఆ సొంత ఫాంట్ల అక్షరాలని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. మొదటిసారి ఆ గుర్తులన్నీ రెప్పపాటులో తెలుగు అక్షరాలైపోవడం చూసిన రోజు నాకింకా గుర్తుంది. పెద్ద కంపెనీ ఏదీ మనకోసం అది చేసిపెట్టలేదు, ఎవరైనా ఎక్స్‌టెన్షన్ రాసుకోవచ్చని తలుపు తీసి పెట్టిన బ్రౌజర్ ఒకటి ఉంది కాబట్టి అది సాధ్యమైంది.

ఆ ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చింది 2004 నవంబరు 9న. ఒకే కిటికీలో ట్యాబులు, పాప్-అప్‌లకి, అంటే ఆ ప్రకటనల కిటికీలకి, అడ్డుకట్ట. రెండేళ్ళ తర్వాత వచ్చిన ఎక్స్‌ప్లోరర్ 7లో కూడా ట్యాబులు ప్రత్యక్షమయ్యాయి. నేను మా బాబాయికి గట్టిగా చెప్పింది ఈ ముక్కే: ఫైర్‌ఫాక్స్ పేరు కూడా వినని కోట్ల మందికి ట్యాబులు వచ్చింది ఫైర్‌ఫాక్స్ వల్ల. కొంతమంది లేచి వెళ్ళిపోతేనే మిగతా అందరికీ మంచి జరిగింది. ఆ తర్వాత 2008 సెప్టెంబరులో క్రోమ్ వచ్చింది, వేగంలో అందర్నీ పరుగు పెట్టించింది, ఒక ట్యాబు చచ్చినా మిగతావి బతికుండేలా చేసింది. క్రోమ్ గెలవడం న్యాయమే, బాగుంది కాబట్టే జనం వెళ్ళారు. కానీ ఇవాళ ప్రపంచంలో సుమారు మూడింట రెండు వంతుల వాడకం దానిదే, మన దేశంలో అయితే ఆ వాటా ఇంకా ఎక్కువ. మళ్ళీ పాత కథ మొదలయ్యే చోటికి వచ్చాం.

ఇక పనిలోకి దిగుదాం.

ముందు మీ దగ్గరున్న బ్రౌజర్ లోపల ఏ ఇంజన్ ఉందో తెలుసుకోండి. పేజీని చదివి తెర మీద గీసే భాగాన్ని ఇంజన్ అంటారు, అసలు పని చేసేది అదే. పేర్లు బోలెడున్నా, జనం వాడకంలో ఉన్న ఇంజన్లు మూడే. గూగుల్‌ది బ్లింక్: క్రోమ్, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డి, శాంసంగ్ ఇంటర్నెట్, మన జోహో వాళ్ళ ఉలా, అన్నీ దాని మీదే నడుస్తాయి. ఆపిల్‌ది వెబ్‌కిట్: సఫారీలో ఉండేది. మొజిల్లాది గెకో: ఫైర్‌ఫాక్స్‌లో ఉండేది. ఒపెరా 2013లో సొంత ఇంజన్ వదిలేసింది, మైక్రోసాఫ్ట్ అంతటిది కూడా 2020 జనవరిలో కొత్త ఎడ్జ్‌తో గూగుల్ ఇంజన్‌కే మారిపోయింది. కాబట్టి క్రోమ్ పక్కన ఎడ్జ్ పెట్టుకుని నాకు రెండు బ్రౌజర్లున్నాయి అనుకుంటే అది సగం నిజమే. సెట్టింగులు, ఎక్స్‌టెన్షన్లు వేరుగా ఉంటాయి కాబట్టి మా అక్క కూతురికి వచ్చిన కష్టం లాంటిదైతే గట్టెక్కుతారు, కానీ ఇంజన్‌లోనే ఏదైనా లోపం ఉంటే రెండూ ఒకేసారి పడతాయి.

అందరూ ఒకే భాగం మీద ఆధారపడితే ఏమవుతుందో మన అక్షరమే ఒకసారి చూపించింది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజ్‌గా వస్తే చాలు, ఆ యాప్ కుప్పకూలేది. వాట్సాప్ అయినా, మెయిల్ అయినా. ఫోన్ వ్యవస్థలో అక్షరాలు గీసే భాగంలోనే తప్పుంది, దాని మీద ఆధారపడిన యాప్‌లన్నీ వరసగా పడ్డాయి. కొద్ది రోజుల్లోనే ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. 'జ్ఞానం' అని రాసుకునే భాష మనది, ఆ అక్షరాన్ని ఏ ఇంజినీరూ సరిగ్గా పరీక్షించి చూడలేదన్న సంగతి నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్‌లో నా సలహా ఒక్కటే: మొదటిది క్రోమ్ అయితే రెండోది ఫైర్‌ఫాక్స్. మ్యాక్ ఉన్నవాళ్ళకి సఫారీ ఎలాగూ ఉంటుంది, దాని పక్కన క్రోమ్ లేదా ఫైర్‌ఫాక్స్ ఏదైనా సరే. ఐఫోన్ సంగతి వేరు. అందులో మీరు క్రోమ్ వేసుకున్నా, ఫైర్‌ఫాక్స్ వేసుకున్నా లోపల ఉండేది వెబ్‌కిట్టే, ఆపిల్ నియమం అలాంటిది. యూరప్‌లో చట్టం తెచ్చి 2024 మార్చి నుంచి వేరే ఇంజన్లకి దారి తెరిపించారు, మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఐఫోన్‌లో రెండో బ్రౌజర్ వల్ల ఉపయోగం లేదని కాదు, పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు కంప్యూటర్‌తో కలుస్తాయి, కానీ ఇంజన్ మారదని తెలిసి వాడండి.

వేసుకున్నాక మొదటి వారంలోనే అన్నీ మార్చేయకండి. నేను చాలామంది దగ్గర చూసిన పొరపాటు ఇదే, ఆవేశంగా ఒక్క రోజులో అన్నీ మార్చేసి, మూడో రోజు ఏదో ఒక బటన్ కనపడక విసుగొచ్చి తిరిగి పాతదానికి వెళ్ళిపోతారు. ఒక్క పని ఎంచుకోండి. ఉదాహరణకి వార్తలు చదవడం, వంటల వీడియోలు, పాత పాటలు వెతకడం, ఇవి కొత్త బ్రౌజర్‌లో చేయండి. బ్యాంకు, కరెంటు బిల్లు, ఆధార్ పనులు పాతదాంట్లోనే ఉంచండి. ఇలా పనులు విడదీస్తే ఇంకో లాభం కూడా ఉంది, మీరు చదివే పేజీల్లోని ప్రకటనల కుకీలు (మిమ్మల్ని గుర్తుపట్టడానికి సైట్లు మీ బ్రౌజర్‌లో పెట్టే చిన్న ఫైళ్ళు), లాగిన్ అయి ఉన్న మీ ఖాతాలు ఒకే చోట కలిసి ఉండవు. వారం తర్వాత చేతికి అలవాటైతే అప్పుడు మిగతావి.

పాత సామాను తెచ్చుకోవడం కంప్యూటర్‌లో తేలిక. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో జనరల్ కిందే ఇంకో బ్రౌజర్ నుంచి డేటా తెచ్చుకునే బటన్ ఉంటుంది, బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు, చరిత్ర, ఏవి కావాలో టిక్ పెట్టి నొక్కడమే. అలా కుదరకపోతే క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో సెట్టింగ్స్‌కి వెళ్ళి పాస్‌వర్డ్‌లని ఒక ఫైలుగా దించుకోవచ్చు. ఇక్కడ జాగ్రత్త. ఆ ఫైలుకి తాళం ఏమీ ఉండదు, ఎవరు తెరిచినా మీ పాస్‌వర్డ్‌లన్నీ మామూలు అక్షరాల్లో కనిపిస్తాయి. కొత్త బ్రౌజర్‌లోకి ఎక్కించిన మరుక్షణం దాన్ని తీసేయండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయండి. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడం, ఆఫీసు కంప్యూటర్‌లో దించడం, జెరాక్స్ షాపులో తెరవడం, ఇవేవీ వద్దు.

పాస్‌కీలు వాడేవాళ్ళు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. పాస్‌వర్డ్‌ల బదులు వేలిముద్రతో లాగిన్ అయ్యే ఈ పద్ధతి మంచిదే, సురక్షితం కూడా, కానీ నేను చెప్పిన ఫైలులోకి పాస్‌కీలు రావు. అందుకని ముఖ్యమైన ఖాతాలకి కొత్త బ్రౌజర్ లేదా కొత్త ఫోన్ నుంచి ఇంకో పాస్‌కీ చేసుకోండి. లేదా మొదట్నుంచీ ఏ బ్రౌజర్‌కీ చెందని విడి పాస్‌వర్డ్ మేనేజర్ ఒకటి వాడండి. ఒక కంపెనీని వదిలి ఇంకో కంపెనీకి వెళ్ళాలంటే తాళాలన్నీ ఆ పాత ఇంట్లోనే ఉండిపోయాయి అనే పరిస్థితి తెచ్చుకోకూడదు. వెళ్ళలేని వినియోగదారుడి గురించి ఏ కంపెనీ భయపడుతుంది చెప్పండి.

ఇప్పుడు డిఫాల్ట్ సంగతి. వాట్సాప్‌లో ఎవరో లింకు పంపారు, నొక్కారు, ఏ బ్రౌజర్ తెరుచుకుంటుందో అదే మీ డిఫాల్ట్. ఈ ఒక్క చిన్న సెట్టింగు కోసం కంపెనీలు ఎంత పెడతాయో తెలిస్తే ఆశ్చర్యపోతారు: ఐఫోన్ సఫారీలో గూగులే మొదటి సెర్చ్‌గా ఉండటానికి 2022 ఒక్క ఏడాదిలో గూగుల్ ఆపిల్‌కి ఇచ్చింది 2,000 కోట్ల డాలర్లు, అమెరికా కోర్టులో కేసు నడిచినప్పుడు బయటపడిన లెక్క ఇది. బ్రౌజర్ ఉచితంగా ఎందుకిస్తున్నారు అన్నదానికి జవాబు కూడా ఇదే, మనం వెతికే ప్రతి మాట పక్కన ప్రకటన అమ్ముకోవచ్చు. ఫైర్‌ఫాక్స్‌ని కూడా ఇందులోంచి మినహాయించలేం, మొజిల్లా ఆదాయంలో పెద్ద భాగం గూగుల్‌ని డిఫాల్ట్ సెర్చ్‌గా పెట్టినందుకు వచ్చే డబ్బే. ప్రత్యర్థి ఇచ్చే డబ్బుతో ప్రత్యర్థి మీద పోటీ, నాకు ఇది అస్సలు నచ్చదు, కానీ ఉన్న సంగతి దాచకుండా చెప్పాలి. 2024 ఆగస్టులో అమెరికా జడ్జి అమిత్ మెహతా సెర్చ్‌లో గూగుల్ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని తీర్పిచ్చారు. 2025 సెప్టెంబరులో శిక్ష దగ్గరికొచ్చేసరికి క్రోమ్‌ని అమ్మేయక్కర్లేదన్నారు, వేరేవాళ్ళకి చోటు లేకుండా చేసే ఒప్పందాలు మాత్రం కూడదన్నారు. మన దగ్గర కూడా 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది, ఆండ్రాయిడ్ ఫోన్లలో తన యాప్‌లు ముందే పెట్టించే పద్ధతి ఆ కేసులో ప్రధానం.

కోర్టులు, కమిషన్లు చేసేవి వాళ్ళు చేస్తారు. మీరు చేయగలిగింది అర నిమిషం పని: ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్, అందులో బ్రౌజర్. ఫోన్ కంపెనీని బట్టి పేర్లు కాస్త మారొచ్చు, సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట 'డిఫాల్ట్' అని కొడితే దొరికిపోతుంది. విండోస్ 11లో కూడా సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్. ఐఫోన్‌లో 2020 నుంచి మార్చుకోనిస్తున్నారు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లలో మాత్రం లింకు నొక్కితే మీ డిఫాల్ట్‌తో సంబంధం లేకుండా వాళ్ళ యాప్ లోపలే పేజీ తెరుచుకుంటుంది. అక్కడ పైన మూడు చుక్కలు నొక్కి బయటి బ్రౌజర్‌లో తెరువు అన్నది ఎంచుకోండి, ముఖ్యంగా డబ్బు కట్టే పేజీ అయితే తప్పకుండా.

పోటీ వల్ల మనకి ఏం ఒరిగిందో కళ్ళారా చూడాలంటే కుకీల సెట్టింగు చూడండి. ఒక సైటులో చెప్పుల జత చూస్తే ఆ చెప్పులు వారం రోజులు ప్రతి పేజీలోనూ వెంటపడతాయి కదా, అందులో బయటి కంపెనీల కుకీలది పెద్ద పాత్ర. సఫారీ 2020 మార్చిలోనే వాటిని పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022లో ఏ సైటు కుకీలు ఆ సైటు డబ్బాలోనే ఉండేలా అందరికీ పెట్టేసింది. క్రోమ్ 2020లో రెండేళ్ళలో తీసేస్తామంది, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 జులైలో ఆ ఆలోచన మానుకుంది. ప్రకటనల మీద బతికే కంపెనీ చేతిలో బ్రౌజర్ ఉంటే ఇంతకన్నా ఎలా ఉంటుంది? అయితే క్రోమ్‌లో కూడా మీరు స్వయంగా ఆపుకోవచ్చు, సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో థర్డ్ పార్టీ కుకీలు, బ్లాక్. దాని వల్ల ఒకటీ అరా సైట్లలో లాగిన్ ఇబ్బంది పెడితే ఆ సైటుకి మాత్రం మినహాయింపు ఇవ్వచ్చు.

ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్ల విషయంలోనూ ఇదే తేడా. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చడంతో చాలామంది ఏళ్ళ తరబడి వాడిన యూబ్లాక్ ఆరిజిన్ అందులో ఆగిపోయింది, దాని తేలికపాటి రూపం 'లైట్' మాత్రం దొరుకుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తి యూబ్లాక్ ఆరిజిన్ ఇప్పటికీ నడుస్తోంది, ఫోన్‌లో కూడా నడుస్తుంది, ఆండ్రాయిడ్ క్రోమ్‌లో అయితే ఎక్స్‌టెన్షన్లే లేవు. తెలుగు వార్తా సైట్లు ఫోన్‌లో చదివేవాళ్ళకి ఈ ఒక్క కారణం చాలు. మా అమ్మ ఫోన్‌లో పెట్టిచ్చాక, పేజీ కిందికి జరుపుతుంటే పొరపాటున ప్రకటన మీద వేలు పడి ఎక్కడికో వెళ్ళిపోయి "ఇదేంటిరా" అని పిలవడం ఆగిపోయింది. మీరు ఇష్టంగా చదివే చిన్న సైటు ఏదైనా ప్రకటనల మీదే నడుస్తుంటే దానికి మాత్రం అనుమతి ఇవ్వండి, ఎక్స్‌టెన్షన్ గుర్తు నొక్కి ఆ సైటుకి ఆపేస్తే సరిపోతుంది.

కొత్తగా ఏఐ బ్రౌజర్లు వస్తున్నాయి, 2025లో పర్‌ప్లెక్సిటీ కామెట్, ఓపెన్‌ఏఐ అట్లాస్ వచ్చాయి. రెండింటి లోపలా ఉన్నది గూగుల్ వాళ్ళ ఇంజనే. సరదాగా వాడి చూడండి, కానీ మీ తరఫున పేజీలు చదివి బటన్లు నొక్కే పనిని బ్యాంకు, మెయిల్ తెరిచి ఉన్న చోట దానికి అప్పగించకండి. పేజీలో ఎవరో దాచిపెట్టిన మాటలని మీ ఆదేశంగా అది పొరబడే ప్రమాదం ఉందని 2025 ఆగస్టులో బ్రేవ్ వాళ్ళు కామెట్ మీద పరీక్షించి చూపించారు.

చివరగా, చాలామంది చేయని పని ఒకటి చెప్తాను. రెండో బ్రౌజర్‌లో ఏదైనా సైటు పనిచేయకపోతే మౌనంగా క్రోమ్‌కి వెళ్ళిపోకండి. ఫైర్‌ఫాక్స్ మెనూలో సైటు సరిగ్గా లేదని తెలియజేసే ఆప్షన్ ఉంది, అందులో ఒక్క వాక్యం రాయండి. ఆ సైటు వాళ్ళకి కూడా ఫిర్యాదు పెట్టండి, ముఖ్యంగా అది ప్రభుత్వ సైటు అయితే. ఏ బ్రౌజర్, ఏ వెర్షన్, ఏ పేజీలో ఏ బటన్ నొక్కితే ఏమైంది, ఇంతే రాసి ఒక స్క్రీన్‌షాట్ జత చేయండి. మా అక్క కూతురి గొడవ అయ్యాక పరీక్ష సైటు వాళ్ళకి నేనూ ఒక మెయిల్ పంపాను, పేమెంట్ కిటికీ తెరుచుకోకపోతే ఏం చేయాలో ఆ బటన్ పక్కనే రెండు ముక్కలు రాయండని. పది రోజులకి చూస్తే ఆ పేజీలో ఎర్ర అక్షరాలతో ఒక గమనిక వచ్చింది: డబ్బు కట్టే పేజీ తెరుచుకోకపోతే వేరే బ్రౌజర్‌లో ప్రయత్నించండి.